గాయం మానింది, మచ్చ ఎవరి బాధ్యత?

2023 ఎండాకాలంలో ఇస్నాపూర్‌లో ఒక కిరాయి గదిలో పదిమంది ఆడవాళ్లతో మీటింగు పెట్టుకున్నాం. కూలి గురించి, పి.ఎఫ్. గురించి మాట్లాడాలని వెళ్లాం. మీటింగయ్యాక ఒకామె వెనక ఆగిపోయింది. చేతిసంచిలోంచి రెండు ట్యూబులూ ఒక గోలీల అట్టా తీసి నా ముందు పెట్టింది. "అక్కా, నువ్వు సదువుకున్నదానివి. వీట్ల ఏది రాస్తే గీ మచ్చ పోతదో చెప్పు" అని అడిగింది.

ఆమె పాశమైలారం వైపు ఒక మందుల కంపెనీలో కంట్రాక్టరు కింద డ్రమ్ములు కడిగే పనిచేసేది. కాస్టిక్ సోడా కలిసిన వేడినీళ్లు కుడిచేతి మీద ఒలికాయి. గాయం మానడానికి నెలన్నర పట్టింది. మానిన తర్వాత మణికట్టు నుంచి బొటనవేలి దాకా మచ్చ తాడులాగా ఉబ్బి, ఎర్రగా, గట్టిగా లేచింది. రాత్రంతా దురద. పొద్దున లేచేసరికి గుంజుడు.

ఆ రోజు నేనన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "మచ్చదేముంది, చెయ్యి దక్కింది కదా! అందం గురించి ఎందుకంత బాధపడతావు?" అన్నాను. ఆమె నన్నేమీ అనలేదు. చెయ్యి ముందుకు చాపి పిడికిలి బిగించబోయింది. పిడికిలి మూసుకోలేదు. "అందం గాదక్కా. పిండి పిసకొస్తలేదు. డ్రమ్ము పట్టొస్తలేదు. గీ చెయ్యి జూసి కంట్రాక్టరు రావొద్దన్నడు" అంది.

మనలో చాలామందిమి నాలాగే ఆలోచిస్తామేమో. మచ్చ అనగానే అది అందానికి సంబంధించిన విషయమనీ, అందం మీద పితృస్వామ్యం పెట్టిన బరువును స్త్రీలు దించుకోవాలనీ చెబుతాం. పటాన్‌చెరు అనగానే మనకు నక్కవాగు గుర్తొస్తుంది, 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కాలుష్యం కేసు గుర్తొస్తుంది. నీళ్ల గురించి, పొలాల గురించి, చచ్చిపోయిన చేపల గురించి ఎంతో రాశాం. ఈ కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ల చేతుల మీద, మెడల మీద, తొడల మీద లేచిన మచ్చల గురించి మాత్రం ఒక్క కరపత్రమైనా వేసినట్టు నాకు గుర్తులేదు. ఆ ప్రశ్నను మెడికల్ షాపుకు వదిలేశాం.

ఆమె అడిగినదానికి జవాబు తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ముందు ఆ జవాబే చెబుతాను. ఎందుకంటే ఈ ప్రశ్న రేపు మీ దగ్గరికీ వస్తుంది.

గాయం మానేటప్పుడు చర్మం తనను తాను అతుక్కోవడానికి కొల్లాజెన్ అనే పీచుపదార్థాన్ని తయారుచేసుకుంటుంది. పని పూర్తవగానే ఆ తయారీ ఆగాలి. ఆగకపోతే మచ్చ ఉబ్బుతుంది. ఇలా ఉబ్బే మచ్చలు రెండు రకాలు. మొదటి రకం గాయం ఉన్నంత మేరకే లేస్తుంది. గాయం మానిన కొన్ని వారాలకు మొదలై, కొన్ని నెలలు పెరిగి, ఏడాది రెండేళ్లలో కొంతవరకు తనంతట తానే అణుగుతుంది. డాక్టర్లు దీన్ని హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటారు. రెండోది కీలాయిడ్. ఇది గాయం హద్దు దాటి, పక్కనున్న మంచి చర్మం మీదికి కూడా పాకుతుంది. తనంతట తాను తగ్గడం అరుదు. చెవులు కుట్టించుకున్నచోట, రొమ్ము మీద, భుజం మీద ఎక్కువగా వస్తుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. తెల్లవాళ్లకంటే మనలాంటి నల్లని, చామనఛాయ చర్మాలవాళ్లకు ఎక్కువ వస్తుంది.

కాలిన గాయాలకే కాదు, ఆపరేషన్ గాట్లకూ ఇవి వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. పొత్తికడుపు మీద దురదపెట్టే, చీర కుచ్చిళ్లు ఒరుసుకునే ఉబ్బెత్తు గాటుతో బతుకుతున్న ఆడవాళ్లు మన చుట్టూ ఎంతమందో! ఆ సంగతి ఎవరికీ చెప్పుకోరు.

ఇక షాపుల్లో దొరికే మందుల సంగతి. ఆమె తెచ్చిన మొదటి ట్యూబు ఉల్లిగడ్డ సారంతో చేసిన జెల్. అట్టపెట్టె మీద మచ్చ మాయమైన బొమ్మలున్నాయి. ఆపరేషన్ గాట్ల మీద దీన్ని మామూలు వాజలైన్ లాంటి పూతతో పోల్చి అమెరికాలో 1999లో ఒకటి, 2006లో ఒకటి పరిశోధనలు జరిగాయి. రెండింటిలోనూ వాజలైన్‌ను మించి మేలుచేసినట్టు తేలలేదు. కొంత మెత్తబడిందని, ఎరుపు తగ్గిందని చెప్పిన పరిశోధనలు వేరే ఉన్నాయి. కానీ తాడులా లేచిన మచ్చను ఇది అణచేస్తుందని నమ్మి డబ్బు పెట్టడానికి ఆ ఆధారం చాలదు.

గోలీల అట్ట విటమిన్ ఇ. గోలీని సూదితో పొడిచి నూనె పిండి రాసుకోమని షాపాయన చెప్పాడట. 1999లోనే దీని మీద ఒక చిన్న పరిశోధన అమెరికాలో జరిగింది. 15 మంది ఆపరేషన్ గాట్లలో సగభాగానికి విటమిన్ ఇ కలిపిన పూత, మిగతా సగానికి అది కలపని పూత రాయించారు. ఎక్కువమందిలో ఉపయోగమేమీ కనిపించలేదు, కొందరికి మచ్చ ఇంకా వికారంగా తయారైంది. ప్రతి ముగ్గురిలో ఒకరికి చర్మం మీద ఎలర్జీ లేచింది. అది రాసుకున్నాక దురద ఎక్కువైందని ఆమె చెప్పింది ఊరికే కాదు.

రెండో ట్యూబు అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా ప్రమాదం. అది స్టెరాయిడ్ క్రీము. తామరకూ, మొటిమకూ, మొహం తెల్లబడడానికీ, మచ్చకూ అన్నిటికీ మన దగ్గర షాపుల్లో ఇదే చేతికిస్తారు. మందంగా లేచిన మచ్చలోపలికి ఈ క్రీము తగినంతగా దిగదు. పక్కనున్న మంచి చర్మం మాత్రం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు తేలతాయి, రంగు మారుతుంది. 2018లో కేంద్రప్రభుత్వం ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. ఆ ఆంక్ష కాగితం మీదే ఉంది. పటాన్‌చెరు చౌరస్తాలో ఏ మెడికల్ షాపుకైనా వెళ్లి అడిగి చూడండి.

అయితే షాపులో దొరికేవాటిలో పనికొచ్చేది ఏదీ లేదా? ఒకటుంది. సిలికాన్. జెల్ రూపంలోనూ, అంటించుకునే పలచని రేకు రూపంలోనూ దొరుకుతుంది. 1980ల మొదటినుంచీ కాలిన గాయాల వార్డుల్లో వాడుతున్నారు. ఇది మచ్చలోని తేమను బయటికి పోనివ్వదు. తేమ నిలిస్తే కొల్లాజెన్ తయారీ నెమ్మదిస్తుందని భావిస్తున్నారు. ఉబ్బెత్తు మచ్చలకు మొదట దీన్నే వాడమని డాక్టర్ల అంతర్జాతీయ బృందం 2002లోనే సూచించింది. అలాగని అద్భుతమేమీ కాదు. పరిశోధనలన్నిటినీ జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ 2013లో ఇచ్చిన సమీక్షలో, ఆధారాలు ఉన్నాయి గానీ బలహీనంగా ఉన్నాయని చెప్పింది. కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే ఇంతే: గాయం పూర్తిగా మూసుకున్న తర్వాత తొందరగా మొదలుపెట్టి, రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా, రెండు మూడు నెలలైనా వదలకుండా వాడితే కొందరికి మచ్చ మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది, కొంత అణుగుతుంది. పచ్చిగాయం మీద వాడకూడదు. పాతబడిన కీలాయిడ్‌కు ఇదొక్కటే చాలదు.

కీలాయిడ్‌కు డాక్టరు మచ్చలోపలికే స్టెరాయిడ్ సూది వేయాలి. నెలకొకసారి చొప్పున చాలాసార్లు వేయాల్సి వస్తుంది. "కోసి పారేస్తే పోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. మరే వైద్యమూ లేకుండా ఊరికే కోసేస్తే సగం మందికి, ఇంకా ఎక్కువమందికి కూడా తిరిగి వస్తుంది. కొన్నిసార్లు ముందుకంటే పెద్దదై వస్తుంది. కాలిన మచ్చ కీలు మీదుంటే పూతమందుకన్నా ముఖ్యమైనవి వ్యాయామం, రాత్రిపూట కట్టే చెక్క, ఒత్తిడి కలిగించే బిగుతు తొడుగు. ఆ తొడుగు రోజుకు 23 గంటలు వేసుకోమంటారు. మన ఎండల్లో, రేకుల గదుల్లో, షిఫ్టులో చెమటతో తడుస్తూ అది వేసుకుని చూస్తే ఆ 23 గంటలంటే ఏమిటో తెలుస్తుంది.

సిలికాన్ చిన్న ట్యూబుకే వందల రూపాయలు పెట్టాలి. వాడే విధానమంతా ఇంగ్లీషులో ఉంటుంది. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన ఆడవాళ్లకు తెలుగే సరిగా రాదు. ఇక ఆ ఇంగ్లీషు కాగితం ఎవరు చదివి పెడతారు? వారం రోజులు రాసి, గుణం కనబడక, దాన్ని అటక మీద పారేసి ఇంకో ట్యూబు కొంటారు. ఆమె అట్లాగే కొంది. మూడింటికి కలిపి నాలుగు రోజుల కూలి పోయింది.

ఇంతవరకు చెప్పింది షాపు సంగతి. అసలు సంగతి వేరే ఉంది. మచ్చ ఉబ్బుతుందా లేదా అన్నది చాలావరకు ట్యూబు కొనకముందే తేలిపోతుంది. కాలిన గాయాల మీద 1983లో వచ్చిన ఒక ముఖ్యమైన పరిశోధన ప్రకారం, రెండు నుంచి మూడు వారాల మధ్య మానిన గాయాల్లో మూడోవంతు ఉబ్బెత్తు మచ్చలయ్యాయి. మూడు వారాలు దాటి మానినవాటిలో 78 శాతం అలా అయ్యాయి. అంటే ఆ మూడు వారాలే కీలకం. ఒలికిన వెంటనే 20 నిమిషాలు ధారగా చల్లని మంచినీళ్లు పోశారా? గాయంలో చీము చేరకుండా చూశారా? లోతుగా కాలితే చర్మం అతికే ఆపరేషన్ సకాలంలో చేశారా? మచ్చ సంగతి చాలావరకు ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

ఆమె విషయంలో ఏం జరిగింది? నీళ్లు పోయడానికి బదులు ఎవరో టూత్‌పేస్టు పూశారు. కంట్రాక్టరు ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకుపోయి రెండు కట్లు కట్టించి, "కంపెనీ పేరు ఎత్తకు" అన్నాడు. ప్రమాదాల రిజిస్టరులో పేరు ఎక్కలేదు. ఇ.ఎస్.ఐ. కార్డు చేయించనేలేదు. పదో రోజున, కూలి పోతోందని, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మళ్లీ పనిలోకి పోయింది. తడి తగిలి పుండు పచ్చిబడింది. మూడు వారాల్లో మానాల్సిన గాయం ఆరువారాలు తీసుకుంది. ఆ మచ్చ ఆమె చర్మం తప్పు కాదు. నిలబడి పనిచేసిన ఆ నాలుగైదు వారాలే అక్కడ ఉబ్బి కనిపిస్తున్నాయి.

నిజానికి ఆ వారాలు ఆమెకు హక్కుగా రావాల్సినవి. ఇ.ఎస్.ఐ. వర్తించే చోట పనిలో గాయపడితే, ఎన్నాళ్లుగా చందా కట్టారన్న లెక్క లేకుండా, చేరిన మొదటిరోజు నుంచే వైద్యమూ, పనిచేయలేని రోజులకు సుమారు 90 శాతం వేతనమూ రావాలి. కంట్రాక్టు కార్మికుల విషయంలో అసలు యజమాని కూడా బాధ్యుడే. ఇక్కడికి రామచంద్రాపురంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. కార్డు ఉంటే ఆమె మెడికల్ షాపు మెట్లెక్కే అవసరమే ఉండేది కాదు.

పరిహారం సంగతి చూడండి. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం, ఇ.ఎస్.ఐ. చట్టం రెండూ వేలు తెగితే ఇంత, కన్ను పోతే ఇంత అని లెక్కగట్టాయి. 'ముఖం తీవ్రంగా వికృతం కావడాన్ని' నూరు శాతం నష్టంగా పరిగణించాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ వాటి స్థానం తీసుకుంది. చేతి మీది మచ్చ పేరు ఆ జాబితాలో కనిపించదు. అయినా జాబితాలో లేని గాయానికి కూడా, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేస్తే ఆ మేరకు పరిహారం అడగవచ్చు. పిడికిలి మూసుకోకపోవడం అంటే సంపాదించే శక్తి తగ్గడమే కదా! దీన్ని మనం అడగడం లేదు. 'కాలింది, మానింది' అని ఫైలు మూసేస్తున్నాం.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కంపెనీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. రోజుల తరబడి పత్రికల్లో మృతుల సంఖ్య వచ్చింది. కొందరి శరీరాలైనా దొరకలేదు. అంతటి దుఃఖం ముందు బతికినవాళ్ల మచ్చల గురించి మాట్లాడడం చిన్నవిషయంలా అనిపిస్తుంది. కానీ కాలిన గాయాలకు వైద్యం ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజుతో ముగియదు. మచ్చ ఉబ్బేది ఆ తర్వాతే. టీవీ వాళ్లు వెళ్లిపోయాక, అధికారులు వెళ్లిపోయాక, ఏడాది రెండేళ్లపాటు సాగే వైద్యమది. ఆ ఖర్చెవరిదని అడిగేవాళ్లు అప్పుడు ఉండాలి.

ఫ్యాక్టరీ నుంచి ఇంట్లోకి వద్దాం. లాన్సెట్ వైద్యపత్రిక 2009లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2001లో మనదేశంలో కాలిన గాయాలతో 1,63,000 మంది చనిపోయారు. అందులో 1,06,000 మంది స్త్రీలు, వారిలో ఎక్కువమంది పదిహేను నుంచి ముప్పై నాలుగేళ్ల లోపువాళ్లు. చనిపోయినవాళ్ల వెనక, కాలి బతికినవాళ్లున్నారు. "స్టవ్ పేలింది" అని చెప్పించి ఇంటికి తెచ్చుకున్న కోడలికి, మొదట ఇంట్లోవాళ్లు చేసే పని మచ్చ పోగొట్టే ట్యూబు కొనివ్వడం. ఆ ప్రేమ దేనికో మనం గుర్తించాలి. మచ్చ సాక్ష్యం కూడా. వైద్యం ఆపమని నేననను. కానీ మొదలుపెట్టేముందు ఫోటోలు తీయించండి, డాక్టరు చేత రికార్డు రాయించండి. 2005 గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద వైద్యఖర్చులు, 22వ సెక్షన్ కింద గాయాలకు, మానసిక క్షోభకు నష్టపరిహారం అడగవచ్చు. వైద్యఖర్చు అంటే ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు. ఏడాదిపాటు కొనాల్సిన సిలికాన్, తొడుగు, సూదులు, బస్సు కిరాయిలు అన్నీ పిటిషన్‌లో రాయించండి.

చట్టం ఒక మచ్చకూ ఇంకో మచ్చకూ మధ్య గీత గీసింది కూడా. యాసిడ్ దాడి బాధితులకు 2013లో సుప్రీంకోర్టు కనీసం 3 లక్షల పరిహారం ఇవ్వమంది. 2015లో ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా పూర్తి వైద్యం చేయాలంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వారిని ప్రత్యేక వర్గంగా గుర్తించింది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్న హక్కులు. అయితే ఆ చట్టం చెప్పే యాసిడ్ బాధితురాలు దాడిలో యాసిడ్ పడిన వ్యక్తి మాత్రమే. అదే యాసిడ్ కంపెనీ పైపు పగిలి మీద పడితే ఆ నిర్వచనంలోకి రాదు. కిరసనాయిలుతో కాలినా రాదు. చర్మానికి ఈ తేడా తెలియదు. ఆ నిర్వచనాన్ని విశాలం చేయమని అడగాల్సిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

"ఇన్ని సమస్యలుండగా మచ్చలా?" అని కొందరు మిత్రులు అంటారు. మచ్చ పోవాలని కోరుకోవడం కూడా తప్పు కాదని నేనిప్పుడు అనుకుంటున్నాను. బస్సులో పక్కసీటువాళ్లు లేచి వెళ్లిపోతుంటే, పెళ్లిచూపుల్లో చేతులు కొంగులో దాచుకోవాల్సి వస్తుంటే, "నీ మచ్చ నీ పోరాటానికి గుర్తు" అని వేదిక మీంచి చెప్పడం తేలిక. ఆ గుర్తును మోయాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఆ శరీరం గలవాళ్లది. మన పని ఆ నిర్ణయానికి కావలసిన నిజాలను, వైద్యాన్ని అందేటట్టు చూడడం.

కాబట్టి మన సంఘాలు చేయగలిగిన పనులు కొన్ని కనిపిస్తున్నాయి. కాలిన వెంటనే ఏం చేయాలో, ఏం పూయకూడదో తెలుగులో, హిందీలో, ఒడియాలో ఒక పేజీ కరపత్రం బస్తీబస్తీకీ పంచాలి. పనిలో గాయపడిన ప్రతి స్త్రీ పేరూ ప్రమాదాల రిజిస్టరులో ఎక్కేటట్టు చూడాలి. గాయం మానేదాకా వేతనంతో కూడిన సెలవును డిమాండ్ల జాబితాలో చేర్చాలి. సిలికాన్, ఒత్తిడి తొడుగులు, ఫిజియోథెరపీ ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీల్లో, సంగారెడ్డి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా దొరకాలని అడగాలి. చేయి ముడుచుకుపోయాక చేసే ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. అంతదాకా రాకుండా ఆపే వైద్యానికి కూడా డబ్బు పెట్టమని ప్రభుత్వాన్ని నిలదీయాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయాలి.

ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏడు నెలలు సూదులు వేశారు, వ్యాయామం నేర్పారు, సిలికాన్ రేకును మేమందరం చందా వేసుకుని కొన్నాం. మచ్చ పోలేదు. రంగు తగ్గింది, కొంత అణిగింది, దురద తగ్గింది. ఇప్పుడు పిడికిలి మూసుకుంటోంది. కంట్రాక్టరు మాత్రం తిరిగి పనిలోకి తీసుకోలేదు. పరిహారం కేసు వేద్దామంటే ప్రమాదం జరిగినట్టు ఎక్కడా కాగితం లేదు. మొన్న కలిసినప్పుడు ఆమె తన పక్కగదిలోని కొత్త పిల్లను నాకు పరిచయం చేసింది. ఆ పిల్ల మోచేతి మీద కట్టు ఉంది. "మొదలు రిజిస్టర్ల పేరు రాయిచ్చినవా అని అడిగిన్నక్కా. రాయియ్యలేదట. రేపు నేను గూడ పోత" అంది.

మర్నాడు ముగ్గురం కలిసి కంపెనీ గేటు దగ్గరికి వెళ్లాం.